బుడిపె బాతు, పట్టెల బాతులు

అనంతపురం జిల్లాలో అటవీశాఖ ఉద్యోగం చేశానంటే బయటివాళ్ళు ముందు నవ్వుతారు. "మీకు అడవి ఎక్కడుందండీ?" అంటారు. ఉంది. ముళ్ళకంపలు, బండలు, గుట్టల్లో ఎలుగుబంట్లు, అప్పుడప్పుడూ ఒక చిరుత. ముప్పై ఏళ్ళకు పైగా వాటి వెనకే తిరిగాను. ఎలుగుబంటి పెంట చూసి అది నిన్న సీతాఫలం తిన్నదో రేగిపళ్ళు తిన్నదో చెప్పగలను. నీటిపక్షుల దగ్గరికి వస్తే మాత్రం నా చదువు సున్నా. తప్పు నాది కాదు. నీళ్ళుంటే కదా నీటిపక్షులు! ఏటా చలికాలంలో నీటిపక్షుల లెక్క పంపమని పైనుంచి కాగితం వచ్చేది. "చెరువు ఎండి ఉన్నది. పక్షులు లేవు. మేకలు ఉన్నవి" అని రాసి పంపేవాణ్ణి. ఒక ఏడు పై అధికారి దాని మీద "మేకల సంగతి అడగలేదు" అని ఎర్రసిరాతో రాసి తిప్పి పంపారు.

ఇప్పుడు కొత్తగా శాఖలో చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతారు. చిరుత కథ వస్తుందని వాళ్ళ ఆశ. నేను బాతుల కథ చెబుతాను. కొందరి మొహాలు వాడిపోతాయి. అయినా చెబుతాను, ఎందుకంటే చిరుతల విషయంలో నేను పెద్ద తప్పేమీ చెయ్యలేదు.

అది నా ఉద్యోగంలో ఆఖరి చలికాలం. గార్లదిన్నె వైపు ఒక ఊరి చెరువుకు ఎన్నో ఏళ్ళ తరవాత నిండుగా నీళ్ళొచ్చాయి. కాలవ నీళ్ళు కొన్ని, ఆలస్యంగా కురిసిన వానలు కొన్ని. చెరువు పక్కన నల్లరేగడి చేలో ఒక రైతు పప్పుశనగ వేశాడు. మొలక లేచి జానెడు ఎత్తు వచ్చిందో లేదో, ఒకరోజు పొద్దున్నే ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో తువ్వాలు, తువ్వాలులో కొరికేసిన శనగ మొక్కలు. వాటిని నా టేబుల్ మీద కుప్పగా పోశాడు.

"చూడండి సార్. బాతులు తినేసినాయి. ఎకరా ఎకరా నున్నగా గీకినట్ట తినేసినాయి."

"ఎవరి బాతులు?"

"ఇంకెవరివి? మా చేని పక్కనే ఉండాది గదా, పరుపులు కుట్టే చిన్నమ్మ. ఆమె బాతులే. అడిగితే నావి కాదు, అడివి బాతులంటాది. అడివి బాతులైతే మీరు చెప్పాల. ఆమెవైతే పంచాయతీ చెప్తాది. ఏదో ఒకటి రాసియ్యండి సార్."

ఆయన మాటల్లో నాకు వినపడింది ఒక్కటే: అడివి బాతులైతే మీరు. అంటే పంటనష్టం ఫైలు, విచారణ, ఫొటోలు, పైకి కిందికి ఉత్తరాలు. పదవీ విరమణకు మూడు నెలలుంది. కొత్త ఫైలు తెరిచే వయసు కాదది. అవి పెంపుడు బాతులైతే ఎంత బావుండునో అని మనసులో అప్పుడే అనుకున్నాను. దయచేసి ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. పక్షిని చూడకముందే దాని పేరు నేను నిర్ణయించేసుకున్నాను.

మరునాడు తెల్లవారుతుండగా జీపులో వెళ్ళాం, నేనూ మా డ్రైవరూ. డ్రైవర్ మడకశిర మనిషి. నాతో పదిహేనేళ్ళు పనిచేశాడు. నన్ను సార్ అని పిలిచింది తక్కువ, అన్నా అని పిలిచింది ఎక్కువ. నేను అవునంటే కాదనడం అతనికి వ్యసనం. చెరువు కట్ట ఎక్కి ఆఫీసు బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకున్నాను. దాని ఎడమ అద్దానికి బూజు పట్టి ఎన్నాళ్ళయిందో! ఎదురుగా సూర్యుడు. చేలో మంచు పొగ. పొగలో లేత బూడిదరంగు పెద్ద బాతులు, ఓ ముప్పై దాకా, తలలు దించుకుని మేస్తున్నాయి. దగ్గరగా, ఈ చివర ఒకటి ఉంది. అది తల ఎత్తింది. ముక్కు మొదట్లో నుదుటి మీద పెద్ద బుడిపె. ఇళ్ళలో పెంచే పెద్ద బాతులకు ఉండే బుడిపె, నేను సంతల్లో ఎన్నోసార్లు చూసిందే.

"తేలిపోయింది. పెంపుడువే" అన్నాను.

"మిగతావి చూస్తివా అన్నా?"

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదూ?"

"అన్నమంతా ఒకే కుండలోదైతే చాల్తాది. ఆమె ఇంట్లో ముప్పై బాతులు యాడుండాయి? గుడిసె చూస్తే ఆరు పట్టేది కష్టం."

"బంధువుల బాతులేమో" అని నేనే నవ్వేసి, జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాసేశాను: 'సదరు పక్షులను స్వయంగా పరిశీలించితిని. అవి పెంపుడు బాతులు. ఇందులో అటవీశాఖకు సంబంధము లేదు.' సంతకం మాత్రం చాలా అందంగా వచ్చింది.

నాలుగు రోజులకు ఆమె వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల వేళ. ఆఫీసు ముందు ఆటో ఆగింది. అరవై అయిదు దాటిన సన్నటి మనిషి, తల మీద కొంగు, చంకలో తెల్లటి పెద్ద బాతు. లోపలికి వస్తూనే బాతును నా టేబుల్ మీద, సరిగ్గా నా పెరుగన్నం డబ్బా పక్కన నిలబెట్టింది. అది మెడ సాచి నన్ను చూసి అరిచిన అరుపుకు పక్కగదిలో టైపు చేసుకుంటున్న గుమాస్తా లేచి నిలబడ్డాడు.

"నువ్వేనా సారూ కాయితం రాసింది?"

"ఏ కాగితం అమ్మా?"

"నా బాతులు ఎకరా శెనగ తినినాయని. పంచాయతీలో చదివినారు. వచ్చే సంతలో అన్నీ అమ్మేయాలంట. నా మొగుడు పోయినప్పట్నించి నాకు కాపలా ఇయ్యే. కుక్కనన్నా మాలిమి చేసుకుంటారు దొంగోళ్ళు, ఇయ్యి మాలిమి కావు. ఇయ్యి పోతే ఆ చెరువు గట్టున ఒక్కదాన్ని ఎట్ల పండుకునేది?"

"నేను కళ్ళారా చూశానమ్మా. ముక్కు మీద బుడిపె..."

"బుడిపె నావాటికి ఉండాది. చూడు." బాతు తల పట్టుకుని నా వైపు తిప్పింది. "ఆ వచ్చేవాటికి బుడిపె ల్యా. తలకాయ ఎనక రెండు గీతలుండాయి. నల్లగా. నావాటికి ఉండాయేమో ఎతుకు. ఎతుకు సారూ!"

నేను వెతికాను. ఏం చెయ్యమంటారు? బాతు తల వెనక వేలు పెట్టి ఈకలు తప్పించి మరీ చూశాను. గీతల్లేవు. సంతకం పెట్టిన వేలినే అది పొడిచింది.

"ఇంగోటి చెప్తా. నావి గోడ ఎక్కలేవు. అవి ఆకాశంలో పోతాండాయి, మాట్లాడుకుంటా. మా ఆయన దూది ఏకేటప్పుడు వచ్చే సద్దు మాదిరి, దూరం నుంచి ఒకటే మోత. అట్లాంటి సద్దు నా బాతులు ఏనాడూ చెయ్యల్యా."

"మరి నేను చూసిన బుడిపె బాతు ఎవరిదమ్మా?"

ఆమె బాతు మెడ నిమిరింది. "నావన్నీ ఇంట్లోనే ఉండాయి" అంది, బాతు వైపు చూస్తూ.

అప్పటికే మా రేంజరు గుమ్మంలోకి వచ్చి ఉన్నారు. కొత్తగా వచ్చిన కుర్ర అధికారి. ఎప్పుడూ గొంతు పెంచరు, అందుకే మాకందరికీ భయం. మొత్తం విన్నారు. టేబుల్ మీది బాతును చూశారు, నన్ను చూశారు. "తల వెనక రెండు నల్లగీతలా?" అని అడిగి, తన గదిలోంచి పక్షుల పుస్తకం తెచ్చి ఒక పేజీ తెరిచి ఆమె ముందు పెట్టారు. ఆమె వేలు ఒక బొమ్మ మీద టక్కున పడింది. "ఇదే. ఈ నా కొడుకులే."

పట్టెతల బాతు. హిమాలయాలకు అవతల గుడ్లు పెట్టి, చలికాలానికి ఆ కొండల మీదుగా ఎగిరి మన వైపు వస్తుందట. "అంత దూరం నుంచి వచ్చి మన గార్లదిన్నెలో శెనగ తింటాయా?" అన్నాడు డ్రైవర్. రేంజరు నవ్వలేదు. నాతో మెల్లగా, "మీరు చూసింది పెంపుడు బాతు కావచ్చు, ఆమె చూసింది ఇది కావచ్చు. మనం వెళ్ళి మళ్ళీ చూద్దాం సార్. ఈసారి రైతును కూడా ఉండమనండి" అన్నారు. తప్పు చేశారు అని ఉంటే కోపం తెచ్చుకునేవాణ్ణి. మళ్ళీ చూద్దాం అన్నారు కాబట్టి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సంత శుక్రవారం. మేం గురువారం పొద్దున్నే వెళ్ళాం.

ఏర్పాటు ఇదీ. ఆమె తన ఆరు బాతుల్నీ ఇంటి ముందు తడికెల దొడ్లో పెట్టి తలుపు వేసింది. రైతు ఎదుట లెక్కపెట్టి మరీ వేసింది. ఆయన ఆ తలుపుకు వీపు ఆనించి కాపలా కూర్చోవాలి. నేనూ, రేంజరూ, డ్రైవరూ కట్టకు అవతలి కొసన బోర్లా పడుకున్నాం. ఈసారి రేంజరు సొంత బైనాక్యులర్ నా చేతిలో ఉంది, సూర్యుడు మా వీపు వైపు ఉన్నాడు. ఎండను వెనక పెట్టుకుని చూడాలన్న సంగతి నాకు ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

ముందు శబ్దం వచ్చింది. ఆమె చెప్పినట్టే, దూరంగా ఎక్కడో దూది ఏకుతున్నట్టు. తరవాత ఆకాశంలో వంకర గీత ఒకటి కనపడింది. అది మా నెత్తి మీదికి వచ్చి విడిపోయి, రెక్కలు బిగబట్టి, ఎండుటాకులు రాలినట్టు అటూ ఇటూ ఒరుగుతూ చేలో దిగింది. బైనాక్యులర్‌లో మొదటి తల స్పష్టంగా కనపడింది. తెల్లటి తల. వెనక రెండు నల్లటి పట్టెలు. ఎవరో విభూతి పట్టెలు బొగ్గుతో, అదీ తలకు వెనకవైపు పెట్టినట్టు. రెండో తలకూ అంతే. మూడో తలకూ అంతే. బుడిపె ఒక్కదానికీ లేదు. అంత అందమైన పక్షిని అంత మంది పెద్దమనుషుల ముందు నేను అవమానించానా అనిపించింది.

"ఎన్ని మెతుకులు పడితివన్నా?" అన్నాడు డ్రైవర్ పక్కనుంచి.

"నోరు ముయ్యి" అన్నాను గుసగుసగా. రేంజరు ఫొటోలు తీసుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడు దొడ్డి వైపు నుంచి పెద్ద కేక. చూస్తే, ఒక తెల్లబాతు మెడ సాచి రెక్కలు విప్పి చేలోకి పరుగు. దాని వెనక పంచె ఎగ్గట్టుకుని రైతు. రైతు వెనక ఆమె. మొత్తం మా సాక్ష్యం, సాక్షి, ముద్దాయి అందరూ వరసగా పరిగెత్తుకొస్తున్నారు. ఏం జరిగిందంటే, ఆకాశంలో ఆ మోత వినగానే మగబాతు తడికె అడుగున తల దూర్చి, ఆయన మోకాళ్ళ మధ్య నుంచి బయటికి వచ్చేసిందట. అది సూటిగా గుంపు మధ్యకు పోయి, ఒక పట్టెల బాతు పక్కన నిలబడి మెడ దించి, ఇదే మా ఇల్లన్నట్టు శనగ మొక్క కొరికింది.

"చూడండి సార్! చూడండి!" రైతు గొంతు చించుకుని అరిచాడు. "నేను చెప్పల్యా? ఇదో ఆమె బాతు! పట్టినా!"

ఆ అరుపుకు గుంపు లేచింది. ముప్పై జతల రెక్కలు ఒక్కసారి కొట్టుకుంటే వచ్చే గాలి కట్ట మీద పడుకున్న మాకు మొహానికి తగిలిందనిపించింది. పట్టెల బాతులన్నీ చెరువు మీదుగా పైకి, ఇంకా పైకి. మగబాతు కూడా వాటితో పాటు పరిగెత్తింది. రెక్కలు కొట్టుకుంటూ చేను పొడవునా, గట్టు దాకా. కాళ్ళు ఒకటి రెండుసార్లు నేల విడిచాయి. అంతే. గట్టు దగ్గర ఆగి, మెడ పైకి ఎత్తి, అవి చుక్కలయ్యేదాకా చూస్తూ నిలబడింది.

రైతు నోరు తెరిచి ఆకాశం వైపు చూశాడు. తరవాత గట్టు మీది బాతును చూశాడు. మళ్ళీ ఆకాశం చూశాడు.

"ఎగరల్యాకపోయింది ఒకటే" అన్నాడు చివరికి, తనలో తాను అన్నట్టు.

ఆయనకు మేం వేరే రుజువు చూపించాల్సిన పని లేకపోయింది.

ఆమె ఒగరుస్తూ మా దగ్గరికి వచ్చింది. "సారూ, ఆపొద్దు అన్నీ ఇంట్లోనే ఉండాయంటి. అబద్దం చెప్తి. ఈడు రోజూ తెల్లారితే పోతాండాడు. చెప్తే, ఒకటి నాదైతే అన్నీ నావేనంటారు, మీరు కాయితంలో అట్లనే రాస్తిరి గదా. అందుకే చెప్పల్యా."

ఆమె ఒక్క బాతు గురించి అబద్ధం చెప్పింది. నేను ముప్పై బాతుల గురించి చెప్పాను, అదీ సంతకం పెట్టి.

ఆఫీసుకు తిరిగి వచ్చాక రెండో కాగితం రాయడానికి గంట పట్టింది. 'మరింత పరిశీలన మీదట' అని మొదలుపెట్టి చింపేశాను. 'సాంకేతిక కారణముల వలన' అని రాసి చింపేశాను. "అన్నా, తెలుగులో తప్పుకు ఇన్ని పేర్లుండాయా?" అన్నాడు టీ తెచ్చిన డ్రైవర్. చివరికి, 'నేను సరిగా చూడకుండా రాసితిని. అవి అడవి బాతులు. వాటిలో పెంపుడుది ఒకటి మాత్రమే' అని రాశాను. రేంజరు చదివి, పక్కన చిన్నగా సంతకం పెట్టి, "ఈ ఫైల్లో అన్నిటికన్నా తేలిగ్గా అర్థమయ్యే కాగితం ఇదేనండి" అన్నారు. మెచ్చుకున్నారో మరేమిటో ఇప్పటికీ తెలియదు.

కాగితం పంపితే చాలదు, సంత మరునాడే. ఆ సాయంత్రం నేనే పంచాయతీ ఆఫీసు అరుగు మీద నిలబడి చదివాను. ఊరు సగం వచ్చింది. చదవడం అయ్యాక ఆమె జనంలోంచి, "ఇంగోసారి చదువు సారూ, గట్టిగా. నాకు కుడిచెవి సరిగ్గా వినపడదు" అంది. గట్టిగా చదివాను. 'సరిగా చూడకుండా' అన్న దగ్గర వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. మా డ్రైవరే.

బాతులు అమ్మాలన్న మాట అక్కడితో పోయింది. రైతుకు నష్టపరిహారం కోసం నేను భయపడిన ఆ ఫైలు తెరవక తప్పలేదు. తిరిగినంత తిరిగాం. జాబితాలో అడవిపంది ఉంది, జింక ఉంది, బాతు లేదు. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి వెళ్ళినప్పుడు తిడతాడనుకున్నాను. ఆయన పాత క్యాసెట్ల రీళ్ళు చేను చుట్టూ కట్టుకుంటున్నాడు. గాలికి అవి బుయ్యిమంటున్నాయి. "పోనీలే సార్, అంత దూరం నుంచి వచ్చినాయంట గదా. కానీ అడిగి తినల్ల" అన్నాడు. పట్టెల బాతులు ఆ మోతకు జంకి చెరువు అవతలి గడ్డికి మారాయి. మగబాతు గట్టు వెంట నడుచుకుంటూ అటే పోయేది. పొద్దున పోయి, ఎండెక్కాక ఇంటికి వచ్చేది.

ఫిబ్రవరి చివర ఆమె ఫోన్ చేసింది.

"సారూ, ఆ గీతల బాతులు ఎళ్ళిపోయినాయి. మూడు దినాలాయె. నా పెద్దోడు, ఆ మగబాతు, ఏమీ ముట్టల్యా. జొన్నలేస్తే చూడడు, నూకలేస్తే చూడడు. గట్టు మీద నిలబడుకోని పైకి చూస్తాండాడు. దీనికి మీ ఆఫీసులో ఎవరన్నా ఉండారా?"

ఎవరూ లేరు. అయినా నేనూ డ్రైవరూ వెళ్ళాం. నా చేతిలో ఒక పొట్లం మొక్కజొన్నలు. ఇంత సర్వీసు చేసి అంతకన్నా నాకు తోచలేదు. వెళ్ళేసరికి మగబాతు గట్టు మీదే ఉంది. దాని పక్కన ఆమె కూర్చుని బొంత కుట్టుకుంటోంది. నా మొక్కజొన్నల వైపు అది తిరిగి కూడా చూడలేదు.

చేలోంచి రైతు వస్తూ కనపడ్డాడు. చేతిలో వేళ్ళతో సహా పీకిన పచ్చి శనగ చెట్లు, కాయలతో నిండుగా. మమ్మల్ని చూసి కాస్త సిగ్గుపడ్డాడు. వచ్చి, బాతు ముందు గొంతుక్కూర్చుని, ఒక కొమ్మ దాని ముక్కు దగ్గర పెట్టాడు. అది మెడ అటు తిప్పుకుంది. ఆయన అటు జరిగాడు. అది ఇటు తిప్పుకుంది.

"ఏమప్పా," అన్నాడు ఆయన దానితో, "దొంగతనంగా తినేటప్పుడు తియ్యగుండె. పిలిచి పెడ్తే చేదా?"

ఆమె సూది ఆపి చూసింది. బాతు చాలాసేపు ఆలోచించింది. తరవాత మెడ దించి, ఒక్క ఆకు కొరికింది.